ఫ్రాక్ చేసిన హారిజాంటల్ గ్యాస్ బావి సిమ్యులేషన్: రెండేళ్ల డేటాతో ఎంతవరకు చెప్పగలం?

చదివే మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు అనంతపురంలో ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నారు. అమెరికాలోని బార్నెట్ షేల్ (గ్యాస్‌ను పట్టుకుని ఉండే బిగుతైన రాయి) బావి ఒకటి తీసుకున్నారు. అడ్డంగా వెళ్లిన భాగం 1,200 మీటర్లు, అందులో ఫ్రాక్ చేసిన, అంటే ఒత్తిడితో నీళ్లు కొట్టి చీల్చిన 20 పగుళ్లు, చేతిలో రెండేళ్ల నెలవారీ ఉత్పత్తి లెక్కలు. రాతి పర్మియబిలిటీ (గ్యాస్‌ను పోనిచ్చే గుణం, దాని కొలమానం డార్సీ) 100 నానోడార్సీ, పగులు సగం పొడవు (బావి నుంచి ఒక రెక్క కొసదాకా) 100 మీటర్లు పెడితే డేటాకు సరిపోతోంది. 50 నానోడార్సీ, 141 మీటర్లు పెట్టినా అంతే చక్కగా సరిపోతోంది. కానీ ఇరవై ఏళ్ల అంచనాలో రెండూ చాలా దూరంగా పోతున్నాయి. గ్రిడ్ (రాతిని సెల్‌లుగా, అంటే గడులుగా విడగొట్టే వల) సన్నం చేసిన ప్రతిసారీ మొదటి నెల ఉత్పత్తి మారిపోతోంది. మీ గైడ్ గారేమో అధిశోషణ (గ్యాస్ రాయికి అంటుకుని ఉండటం), స్లిప్ (సన్న రంధ్రాల్లో గ్యాస్ గోడల వెంట జారడం), ఒత్తిడికి పగుళ్లు మూసుకోవడం అన్నీ కలపమన్నారు, కలిపితే రన్ మధ్యలో ఆగిపోతోంది. చివరికి ఇదంతా తాడిపత్రి షేల్‌కు అన్వయించమని ఇంకో మాట.

నేను రిజర్వాయర్ ఇంజినీరుగా రాజమండ్రిలో, తర్వాత గుజరాత్‌లో పనిచేసి ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నాను. మీ మోడల్‌లో పెద్ద తప్పేమీ కనిపించడం లేదమ్మా. ఆ రెండు జోడీలు ఒకే జవాబు ఇవ్వాలి, ఇస్తున్నాయి కూడా. ఆ డేటాలో లేని సమాచారాన్ని సిమ్యులేటర్ నుంచి అడుగుతున్నారు, చిక్కు అక్కడుంది.

మన వైపు వాళ్లకు ఫ్రాక్చరింగ్ అంటే బోర్లే గుర్తొస్తాయి. గ్రానైట్‌లో బోరు ఎండిపోతే ప్యాకర్ బిగించి, ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి, లోపలి పగుళ్లను తెరిపిస్తారు. అక్కడ రాయి చుక్క నీరు ఇవ్వదు. ఉన్న నీరంతా పగుళ్లలోనే, కొత్తగా తెరిచిన పగులు ఇంకో పగులును అందుకుంటే బోరు బతుకుతుంది. షేల్ దీనికి పూర్తిగా తలకిందులు. గ్యాస్ అంతా రాతిలోనే ఉంది, మనం చేసిన పగులు బయటికి రావడానికి దారి మాత్రమే. అందుకే పగులులో ప్రవాహం గురించి పేజీలు పేజీలు రాసే ముందు, రాయి నుంచి పగులు గోడదాకా గ్యాస్ ఎలా వస్తుందో చూడాలి. ఇరవై ఏళ్ల కథలో ఎక్కువ భాగం అదే.

మీ బావిలో ఒక్కో పగులుకు రెండు రెక్కలు, ఒక్కో రెక్కకు రెండు ముఖాలు. ఎత్తు 50 మీటర్లు అనుకుంటే 20 × 4 × 100 × 50, అంటే 4 లక్షల చదరపు మీటర్లు. దాదాపు వంద ఎకరాల రాతి ముఖం తెరిచినట్టు. ఆ ముఖానికి లంబంగా గ్యాస్ సమాంతర గీతల్లా కదిలి వస్తుంది. దీన్నే లీనియర్ ఫ్లో అంటాం. బావి అడుగు పీడనం స్థిరంగా ఉంటే ఈ దశలో ఉత్పత్తి కాలం వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. లాగ్-లాగ్ గ్రాఫ్‌లో వాలు మైనస్ అర. షేల్ బావుల్లో ఈ దశ నెలల తరబడి, చాలాసార్లు ఏళ్ల తరబడి నడుస్తుంది.

ఆ దశలో ఉత్పత్తిని నిర్ణయించేది ఒకే ఒక గుణకారం: పగులు ముఖ వైశాల్యం × పర్మియబిలిటీ వర్గమూలం. ఏ√కే అనుకుందాం. మీ మొదటి జోడీలో 100 × √100 = 1,000. రెండో జోడీలో 141 × √50, అదీ దాదాపు 1,000. 50 మీటర్లు, 400 నానోడార్సీ పెట్టి చూడండి, అదీ 1,000. మొదట్లో మూడూ ఒకే గీత మీద పడతాయి. మీరు చేసిన హిస్టరీ మ్యాచ్‌కు (మోడల్‌ను పాత ఉత్పత్తి లెక్కలతో సరిపోల్చడానికి) తెలిసింది ఆ 1,000 మాత్రమే. దాన్ని పొడవుగా, పర్మియబిలిటీగా ఎలా విడగొట్టాలో లీనియర్ ఫ్లో చెప్పదు.

మరి అవి విడిపోయేది ఎప్పుడు? పక్కపక్క పగుళ్ల నుంచి బయల్దేరిన పీడన తగ్గుదల మధ్యలో కలుసుకున్నప్పుడు. దీన్ని చేత్తోనే లెక్కించవచ్చు. డిఫ్యూసివిటీ (పీడన మార్పు రాతిలో ఎంత త్వరగా పాకుతుందో చెప్పేది) = పర్మియబిలిటీ ÷ (పోరాసిటీ × స్నిగ్ధత × సంపీడ్యత). పోరాసిటీ అంటే రాతిలో రంధ్రాల వాటా. మీ విలువలే తీసుకుంటే 100 నానోడార్సీ అంటే సుమారు 10⁻¹⁹ చదరపు మీటర్లు, పోరాసిటీ 0.06, స్నిగ్ధత 2 × 10⁻⁵ పాస్కల్-సెకను, 25 మెగాపాస్కల్ దగ్గర సంపీడ్యత సుమారుగా 1/పీడనం అనుకుంటే 4 × 10⁻⁸. డిఫ్యూసివిటీ సెకనుకు 2 × 10⁻⁶ చదరపు మీటర్ల చుట్టుపక్కల వస్తుంది. పీడన తగ్గుదల చేరే దూరం 2 × √(డిఫ్యూసివిటీ × కాలం). మీ పగుళ్ల మధ్య దూరం 60 మీటర్లు, సగం 30. ఆ 30 మీటర్లు చేరడానికి దాదాపు మూడున్నర ఏళ్లు పడుతుంది. 50 నానోడార్సీ అయితే ఏడేళ్లు. 400 అయితే పది నెలలు.

ఇప్పుడు మీ రెండేళ్ల డేటాను దీని పక్కన పెట్టండి. 400 నానోడార్సీ జోడీని ఆ డేటా కొట్టేయగలదు, ఎందుకంటే పదో నెల తర్వాత గీత కిందికి వంగి ఉండాలి, మీ డేటాలో వంగలేదు. 100, 50 మధ్య తీర్పు చెప్పే శక్తి దానికి లేదు. ఆ రెండు మోడళ్లలో పగుళ్ల పరిధిలోని గ్యాస్ నిల్వే 1.4 రెట్లు తేడా. కాబట్టి ఇరవై ఏళ్ల అంచనాలు దూరం కావడం సహజం. థీసిస్‌లో ఆ తేడాను దాచవద్దు, అదే మీ ఫలితం. 'రెండేళ్ల డేటా ప్రకారం పర్మియబిలిటీ ఇంతకు మించదు, అందువల్ల నిల్వ ఇంతకు తగ్గదు' అని రాయగలిగితే అది నిజమైన ఇంజినీరింగ్ వాక్యం. ఆప్టిమైజర్ తిప్పి 73.6 నానోడార్సీ అని ఒక్క అంకె ఇస్తే, వైవాలో నాలాంటి ముసలాయన ఎవరైనా ఆ పాయింట్ ఆరు ఎక్కడ దొరికిందని అడుగుతాడు.

ఇక గ్రిడ్. ఇదీ అదే సూత్రంతో తేలిపోతుంది. మొదటి రోజు చివరికి పీడన తగ్గుదల పగులు నుంచి 80 సెంటీమీటర్లు మాత్రమే పోతుంది. మీ సెల్ వెడల్పు 10 మీటర్లు. దాని మధ్య బిందువు పగులుకు 5 మీటర్ల దూరంలో ఉంది, అక్కడికి పీడనం చేరడానికే ముప్పై అయిదు రోజులు కావాలి. ఈలోపు సిమ్యులేటర్ ఏం చేస్తుంది? అసలు పీడన వాలు 80 సెంటీమీటర్లలో నిటారుగా ఉంటే, అది 5 మీటర్ల మీద సాగదీసి లెక్కిస్తుంది. దాంతో మొదటి వారాల ఉత్పత్తి తక్కువగా వస్తుంది. గ్రిడ్ సన్నం చేస్తే పెరుగుతుంది. మీకు కనిపిస్తున్నది ఇదే. అంతటా సన్నం చేయనక్కర్లేదు. పగులు పక్కన 5 లేదా 10 సెంటీమీటర్ల సెల్‌తో మొదలుపెట్టి, ఒక్కోటి ముందుదానికి ఒకటిన్నర రెట్లు పెంచుకుంటూ పోండి. 30 మీటర్లు పదమూడు, పద్నాలుగు సెల్‌లలో అయిపోతుంది. మొదటి టైమ్‌స్టెప్ కూడా అలాగే నిమిషాల్లో మొదలై పెరగాలి. సెల్ సన్నగా ఉండి టైమ్‌స్టెప్ నెల రోజులు ఉంటే లాభం లేదు.

పగులు అసలు వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది. దాన్ని 30 సెంటీమీటర్ల సెల్‌గా చూపించడం మామూలే, కానీ పర్మియబిలిటీ × వెడల్పు మారకూడదు. ఇక్కడ చాలామంది పోరాసిటీని మర్చిపోతారు. వెడల్పు వంద రెట్లు పెంచి పోరాసిటీ అలాగే ఉంచితే, పగులులో లేని గ్యాస్ వచ్చి చేరి మొదటి రోజుల ఉత్పత్తిని ఉబ్బిస్తుంది. దాన్నీ అదే నిష్పత్తిలో తగ్గించండి.

ఇంకొక మాట, మీ లాప్‌టాప్ మీద జాలితో చెప్తున్నాను. ఇరవై పగుళ్లూ ఒకేలా ఉన్నాయని మీరే అనుకున్నారు కదా, అలాంటప్పుడు ఇరవై పగుళ్ల మోడల్ ఎందుకు? ఒక పగులులో నాలుగో వంతు తీసుకుని రన్ చేసి, జవాబును 80తో గుణించండి. రాత్రంతా నడిచే రన్ నిమిషంలో అయిపోతుంది. కాలేజీ లైసెన్స్ కోసం క్యూలో ఉండనక్కర్లేదు కూడా. నార్వేలోని సింటెఫ్ పరిశోధన సంస్థ వాళ్ల ఎంఆర్‌ఎస్‌టి సిమ్యులేటర్ ఉచితం, మ్యాట్‌ల్యాబ్‌లో నడుస్తుంది. ఓపీఎం ఫ్లో కూడా ఉచితమే. అన్నిటికంటే ముందు, ఒక్క దిశలో ప్రవాహానికి మీరే వంద లైన్ల కోడ్ రాసి, వర్గమూలం గీత వస్తుందో లేదో చూడండి. అది రాకుండా పెద్ద సిమ్యులేటర్ తెరవవద్దు.

ఏ భౌతికాంశాలు కలపాలి అన్న దాంట్లో మీ గైడ్ గారితో నేను పూర్తిగా ఏకీభవించను, అలాగని ఆయన చెప్పింది తప్పనీ కాదు. ఒక్కొక్కటి కలుపుతూ, అది జవాబును ఎంత కదిలించిందో కొలవాలి. అన్నీ ఒకేసారి వేస్తే ఏది ఏం చేసిందో తెలియదు.

అన్నిటికంటే ముందు రావలసింది గ్యాస్ గుణాలు పీడనంతో మారడం. స్నిగ్ధత, జెడ్ ఫ్యాక్టర్ (ఆదర్శ వాయువుతో పోలిస్తే ఎంత తేడానో చెప్పేది), సంపీడ్యత మూడూ మారతాయి. సిమ్యులేటర్ తనంతట తాను చూసుకుంటుంది, కానీ మీరు గ్రాఫ్ గీసేటప్పుడు మామూలు పీడనం బదులు సూడో ప్రెషర్ (ఆ మార్పులను కలుపుకుని సవరించిన పీడనం) వాడాలి. అల్-హుస్సేనీ, రామీ, క్రాఫర్డ్ 1966లో ఇచ్చిన పద్ధతి అది. అడుగు పీడనాన్ని బాగా దించిన బావిలో అది వాడినా ఏ√కే పది, పదిహేను శాతం ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే పగులు దగ్గర సంపీడ్యత మొదటి విలువకంటే చాలా పెరిగిపోతుంది. దానికి సవరణ గుణకం ఉంది, వేసుకోండి.

తర్వాత అధిశోషణ. లాంగ్‌మ్యూర్ సమీకరణంలో లాంగ్‌మ్యూర్ పీడనం 5 మెగాపాస్కల్ అనుకుందాం. 25 దగ్గర రాయి తన సామర్థ్యంలో 83 శాతం గ్యాస్ పట్టుకుని ఉంటుంది. 15కు దిగితే 75. అంటే పీడనం నలభై శాతం పడినా, అంటుకున్న గ్యాస్‌లో పదో వంతే వదులుతుంది. స్వేచ్ఛగా ఉన్న గ్యాస్ ఈలోపు దాదాపు నలభై శాతం కదిలి ఉంటుంది. మీ అడుగు పీడనం 3.5 దగ్గరికి వస్తేనే అంటుకున్న దాంట్లో సగం విడుదలవుతుంది. ఆ తక్కువ పీడనం మొదటి రెండేళ్లలో పగులును ఆనుకున్న కొద్ది మీటర్లలో మాత్రమే ఉంటుంది. కాబట్టి రెండేళ్ల మ్యాచ్‌లో అధిశోషణ పాత్ర చిన్నది, ఇరవై ఏళ్ల అంచనాలో కనిపించేంత. ఒక జాగ్రత్త ఏమిటంటే, అంటుకున్న గ్యాస్ కూడా రంధ్రాల్లో కొంత చోటు ఆక్రమిస్తుంది. ఆ చోటును స్వేచ్ఛా గ్యాస్ ఖాతాలోంచి తీసేయకపోతే ఒకే స్థలాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది.

స్లిప్ మీద ఇప్పుడు వ్యామోహం ఎక్కువ. క్లింకెన్‌బర్గ్ 1941లో చెప్పిన విషయమే, నానో రంధ్రాలకు కొత్త సమీకరణాలు వచ్చాయి. అంకెలు వేసి చూడండి. 25 మెగాపాస్కల్ దగ్గర మీథేన్ అణువు రెండు ఢీకొనడాల మధ్య పోయే సగటు దూరం సుమారు 0.4 నానోమీటర్లు. రంధ్రం వ్యాసార్ధం 10 నానోమీటర్లు అయితే పర్మియబిలిటీ పదిహేను, ఇరవై శాతం పెరిగినట్టు ఉంటుంది. 3.5కు దిగితే అదే రంధ్రంలో దాదాపు రెట్టింపు. వినడానికి పెద్దదే. కానీ మీరు మ్యాచ్ ద్వారా తెచ్చుకున్న 100 నానోడార్సీ ల్యాబ్‌లో కొలిచినది కాదు, బావి ప్రవర్తన నుంచి వచ్చింది. స్లిప్ ప్రభావంలో చాలా భాగం అందులో ఇప్పటికే కలిసిపోయి ఉంది. దాని మీద మళ్లీ స్లిప్ వేస్తే, మూల పర్మియబిలిటీని తగ్గించి మళ్లీ మ్యాచ్ చేయాల్సి వస్తుంది. పైగా పీడనం పడేకొద్దీ రాయి నొక్కుకుపోయి పర్మియబిలిటీ తగ్గడం దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. రెండిటికీ గుణకాలు తెలియనప్పుడు ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని తగ్గించి ఏ గీతనైనా తెచ్చుకోవచ్చు. దాన్ని మ్యాచ్ అనడానికి నాకు మనసొప్పదు.

రన్ ఆగిపోవడానికి నా అనుమానం వేరే. మొదటి టైమ్‌స్టెప్‌లోనే అడుగు పీడనాన్ని 25 నుంచి 3.5కు ఒక్కసారిగా పడేస్తున్నారా? ఏ బావినీ అలా తెరవరు. చోక్ (ప్రవాహాన్ని అదుపు చేసే సన్న ద్వారం) పెట్టి రోజుల తరబడి దించుతారు, మోడల్‌లో కూడా అలాగే దించండి. యూనిట్లు కూడా ఒకసారి చూడండి. నానోడార్సీ నుంచి చదరపు మీటర్లకు మార్చేటప్పుడు మూడు సున్నాలు అటూ ఇటూ పోవడం చాలా మామూలు.

పగుళ్లను చూపించే పద్ధతుల్లో ఎంపిక మీకు సులువే. పగుళ్లు నిటారుగా, సమాంతరంగా ఉంటే నేను పైన చెప్పిన గ్రిడ్ చాలు. వంకరగా, సహజ పగుళ్లను కోస్తూ పోతే ఈడీఎఫ్‌ఎం (పగుళ్లను మామూలు గ్రిడ్‌లో విడిగా పొదిగే) పద్ధతి మంచిది, గ్రిడ్‌ను పగులుకు తగ్గట్టు వంచనక్కర్లేదు. వారెన్, రూట్ 1963లో ఇచ్చిన డ్యూయల్ పోరాసిటీని (రాతి దిమ్మెలను, పగుళ్లను రెండు వేరు మాధ్యమాలుగా చూసే పద్ధతిని) మాత్రం షేల్‌కు యథాతథంగా వాడవద్దు. రాతి దిమ్మె లోపల పీడనం త్వరగా సర్దుకుంటుందనే ఊహ మీద అది నిలబడింది. మనకు ఆ సర్దుబాటుకే మూడున్నర ఏళ్లు పడుతోంది, మనం మోడల్ చేసేదే ఆ మధ్యకాలాన్ని. తప్పదనుకుంటే దిమ్మెను పొరలు పొరలుగా విడగొట్టే మింక్ పద్ధతి వాడండి.

పగులు వాహకత (పగులు పర్మియబిలిటీ × వెడల్పు) మీద కూడా ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. 10 మిల్లీడార్సీ-మీటర్ల సాదాసీదా పగులునైనా 100 నానోడార్సీ × 100 మీటర్లతో భాగిస్తే వెయ్యి వస్తుంది. మూడు వందలు దాటితే పగులులో పీడన నష్టం లేనట్టే లెక్క. వాహకత బాగా పడిపోయిన బావిలో మొదట పావు వాలు కనిపిస్తుంది. అయితే నెలవారీ డేటాలో అది ఉండదు, ఉన్నా ఫ్రాక్ నీళ్లు వెనక్కి వచ్చే రోజుల్లో కలిసిపోతుంది. మొదటి నెల, రెండు నెలల అంకెలను మ్యాచ్‌లో తక్కువ బరువుతో తీసుకోండి.

నిజానికి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది 'ఇరవై పగుళ్లూ ఒకేలా' అన్న ఊహ. అమెరికాలో వందకు పైగా హారిజాంటల్ షేల్ బావుల్లో ప్రొడక్షన్ లాగ్‌లు (బావిలో ఎక్కడి నుంచి ఎంత వస్తుందో కొలిచే రికార్డులు) తీసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు మూడో వంతు క్లస్టర్లు (పగుళ్లు మొదలయ్యేలా గొట్టానికి వేసే రంధ్రాల గుంపులు) ఏమీ ఇవ్వడం లేదని తేలింది. ఇంకోవైపు, పర్మియన్ బేసిన్‌లో ఫ్రాక్ చేసిన రాతి గుండా ఏటవాలుగా కోర్ తీస్తే, సుమారు 600 అడుగుల్లో 700కు పైగా హైడ్రాలిక్ పగుళ్లు కనిపించాయి. అది చమురు ప్రాంతం, అయినా పాఠం మనకూ వర్తిస్తుంది. అంటే మన ఇరవై గీతలు బొమ్మ మాత్రమే. కొన్ని పనిచేయవు, పనిచేసేచోట ఒకటి బదులు గుంపు ఉండవచ్చు. కాబట్టి 20కి బదులు 13 పగుళ్లతో ఒక మోడల్ కూడా రన్ చేయండి, మొత్తం వైశాల్యం అదే ఉంచి. పగుళ్ల మధ్య దూరం పెరుగుతుంది, కలుసుకునే కాలం రెట్టింపుకు పైగా అవుతుంది. రెండేళ్ల మ్యాచ్ ఏమీ మారదు. మీ అనిశ్చితి పట్టీలో ఇదే పెద్ద ముక్క కావచ్చు.

డేటా విషయంలో మీకో అవకాశం ఉంది. బార్నెట్‌లో మిచెల్ ఎనర్జీ పల్చటి నీటి ఫ్రాక్‌తో దారి వేసింది 1990ల చివర్లో. 2002లో ఆ కంపెనీని డెవన్ కొన్నాక హారిజాంటల్ బావులు జోరందుకున్నాయి. అంటే అక్కడి పాత బావులకు పదిహేనేళ్లకు మించిన ఉత్పత్తి చరిత్ర ఉంది, టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్ ఆ నెలవారీ లెక్కలను బహిరంగంగా ఉంచుతుంది. పేరు చూసి రైళ్ల శాఖ అనుకోకండి, అక్కడ చమురు, గ్యాస్ నియంత్రణ వాళ్లదే. అలాంటి పాత బావి ఒకటి తీసుకుని, మొదటి రెండేళ్లే చూసి మ్యాచ్ చేసి, అంచనాల పట్టీ గీసి, ఆ తర్వాత మిగతా ఏళ్లు తెరవండి. గీత పట్టీలో పడిందా లేదా, పట్టీ అనవసరంగా వెడల్పుగా ఉందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. బావిని మధ్యలో మళ్లీ ఫ్రాక్ చేశారేమో చూసుకోండి, బార్నెట్‌లో అలా చేసినవి ఉన్నాయి. ఉత్పత్తి ఉన్నట్టుండి పైకి లేస్తే అనుమానించాలి.

ఇక తాడిపత్రి షేల్. గైడ్ గారి ఉత్సాహం అర్థమవుతుంది, మీ జిల్లాలోని ఊరి పేరున్న రాతి పొర మరి. కడప బేసిన్‌లోని ఈ పొర ప్రొటిరోజోయిక్ కాలానిది, వంద కోట్ల ఏళ్లకు మించినది. వయసు ఒక్కటే అడ్డు కాదు. ఆస్ట్రేలియా బీటలూ ప్రాంతంలో దాదాపు 140 కోట్ల ఏళ్ల వెల్కెరీ షేల్‌లో గ్యాస్ ఉంది. కానీ మన బేసిన్‌లో ఇప్పటిదాకా గ్యాస్ ఉత్పత్తి చేసిన బావి లేదు, కాబట్టి మ్యాచ్ చేయడానికి ఏమీ లేదు. బార్నెట్ అంకెలకు తాడిపత్రి పేరు తగిలిస్తే పరీక్షకులు మొదటి పేజీలోనే పట్టుకుంటారు. గైడ్ గారు పట్టుబడితే రోడ్డు కోతల్లో నమూనాలు తెచ్చి సేంద్రియ కార్బన్, పోరాసిటీ కొలిపించి ఒక అనుబంధ అధ్యాయం పెట్టండి. అయితే ఎండకూ వానకూ పాడైన రాయి అంకెలు లోతున ఉన్న రాయికి వర్తించవని అందులో స్పష్టంగా రాయాలి. ఆంధ్రప్రదేశ్ కోణమే కావాలంటే కృష్ణా-గోదావరి బేసిన్ వైపు వెళ్లండి. మండపేట ఇసుకరాయి గట్టిది, అక్కడ హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ నిజంగా జరిగింది. దాని పర్మియబిలిటీ షేల్‌కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి పైన వేసిన కాలం లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాలి. అక్కడ లీనియర్ ఫ్లో చాలా త్వరగా అయిపోతుంది, నేను తీసిపారేసిన పగులు వాహకత అక్కడ ముఖ్యమవుతుంది.